ఇంటికి ఏడుగురు అభిమానులు

డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో భోజనాలయ్యాక నేను చెప్పే కథ ఒకటుంది. ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీముకు ఎంతమంది అభిమానులున్నారో లెక్కగట్టమని నన్నూ, ఇంకో తెలుగమ్మాయినీ నియమించారనీ, ఆవిడ ఫోన్లో అమెరికన్లతో మాట్లాడలేక బెదిరిపోయి నోటికొచ్చిన అంకె రాసిచ్చిందనీ, నేను మాత్రం శాస్త్రప్రకారం లెక్క తేల్చి అందరి మెప్పూ పొందాననీ దాని సారాంశం. ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. ఆవిడ ఫోన్ పట్టుకుని వణికే చోట నేను చెయ్యి వణికించి కూడా చూపిస్తాను. అందరూ నవ్వుతారు.

ఆ కథలో టీము ఉన్నమాట నిజం. మిగతాది సరిచేయడానికి ఇది రాస్తున్నాను.

డెబ్బై ఎనిమిదిలో నేను మిడ్‌వెస్ట్‌లో మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తడం. మా టీము దాన్ని ఎక్కువసేపు చంకన ఉంచుకోలేకపోయేది. అయినా స్టేడియానికి రెండో అంతస్తు కట్టించాలని క్రీడావిభాగం డైరెక్టర్‌కు గట్టి కోరిక. ట్రస్టీలు, ముందు అభిమానుల లెక్క చూపించమన్నారు. ఆయన మా డిపార్ట్‌మెంట్‌కు వచ్చి ఆ పని అప్పగించాడు. మా ప్రొఫెసర్ ఏరికోరి నన్నూ, నాతో చదివే ఆ తెలుగమ్మాయినీ పిలిచాడు.

"మీకు ఆట అర్థం కాదు కాబట్టి పక్షపాతం ఉండదు," అన్నాడాయన. "ఎవరి పద్ధతిలో వాళ్లు విడిగా చేయండి. రెండంకెలూ దగ్గరగా వస్తే నమ్ముతాను."

ఇంకో మాట కూడా చెప్పాడు. వచ్చే ఏడాదికి ఫీజు కట్టి జీతమిచ్చే అసిస్టెంట్‌షిప్ ఒక్కటే ఉంది. మా ఇద్దరిలో ఎవరి పని బాగుంటే వాళ్లకి. అది లేకపోతే చదువు ఆగిపోతుంది, చదువు ఆగితే వీసా ఉండదు. ఈ సంగతి మా ఇద్దరికీ ఒకే గదిలో, ఒకేసారి తెలిసింది.

ఆవిడ వాల్తేరు నుంచి వచ్చింది. నాకంటే లెక్కలు బాగా వచ్చు. ఆ గదిలోంచి బయటికి రాగానే నాతో, "ఏంటండీ ఇది! మంచులో కూర్చుని ఓడిపోయే ఆట చూసేవాళ్లని లెక్కపెట్టడమేంటి? డాక్టర్ల చేత చేయించాల్సిన లెక్క కదా," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. మరునాటి నుంచి పోటీదారులం.

ఆవిడ పద్ధతి చిన్నపిల్లలకు కూడా చెప్పొచ్చు. టెలిఫోన్ డైరెక్టరీలోంచి కొన్ని ఇళ్లు చీట్లు తీసినట్టు తీయడం, ఇంటికి ఒక్క మనిషిని అడగడం, ఆ మనిషిని ఒక్కరిగానే లెక్కించడం. ఫోన్ ఎత్తకపోతే మర్నాడు మళ్లీ చేయడం. అప్పటికీ ఎత్తకపోతే ఆ వారంలోనే ఇంకో వేళకు చేయడం. ఎవరైనా "నేను అభిమానినే" అంటే అక్కడితో వదిలేది కాదు. పోయిన ఏడాది ఒక్క ఆటైనా చూశారా అని అడిగేది.

నాకు అంత ఓపిక లేదు. పైగా నాకో పద్ధతి చిన్నప్పటి నుంచీ తెలుసు. తెనాలి దగ్గర మా బాబాయి ఒక పార్టీకి ఎలక్షన్ ఏజెంటు. ఓటర్ల జాబితా పట్టుకుని వీధి వీధీ తిరిగేవాడు. గుమ్మంలో పెద్దాయన కనిపిస్తే, "ఏం బావా, మనకేగా?" అనేవాడు. ఆయన తలూపితే జాబితాలో "తొమ్మిది" అని రాసేవాడు. కోడళ్లనూ కొడుకులనూ అడిగే పనే లేదు. ఇంటికి ఒకటే మాట. అమెరికాలో ఇంటికి నాలుగు మాటలుంటాయని నాకు తట్టలేదు.

శనివారం మధ్యాహ్నాలు డిపార్ట్‌మెంట్ ఫోన్ ఖాళీగా ఉండేది. నేను అప్పుడే చేసేవాణ్ణి. ఆటలు కూడా అప్పుడే జరుగుతాయి.

"మీ ఇంట్లో మన టీము అభిమానులున్నారా అమ్మా?" అని ఒకావిడను అడిగాను.

"మా ఆయన. టీవీ ముందు కూర్చుని ఏడుస్తున్నాడు."

"ఇంట్లో మొత్తం ఎంతమంది?"

"నలుగురం. టేబుల్ కింద ఉన్నవాడితో ఐదు."

పిల్లవాడు అలిగాడనుకుని ఐదు వేశాను. ఫోన్ పెట్టేలోపు వాడు మొరిగాడు. అయినా దిద్దలేదు.

ఇంకో ఇంట్లో ఒకాయన, తనకు ఆ టీమంటే ప్రాణమనీ, భార్యకు మాత్రం కడుపుమంట అనీ చెప్పాడు.

"పర్లేదండీ, ఇంటి పెద్ద మీరే కదా?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. "ఉండు, ఆవిడని అడిగి చెబుతాను," అన్నాడు.

ఆ ఇంటికి ఆరు వేశాను. వాళ్లుండేది ఇద్దరే. కాలేజీలో చదివే ముగ్గురు పిల్లలను, వాళ్లింటికి తరచూ వచ్చే పక్కింటాయన్ను కలిపాను.

అసలు తప్పు ఇంకోటి. చాలా ఇళ్లలో ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదు? ఆటకు వెళ్లుంటారు. ఎంతమంది వెళ్లుంటారు? ఇంటిల్లిపాదీ. ఇంటికి ఎంతమంది? ఏడుగురు. ఈ ఏడు ఎక్కడిదో అప్పుడు నన్నెవరైనా అడిగితే "సగటు" అనేవాణ్ణి. ఆ శనివారాల్లో షాపింగుకు వెళ్లినవాళ్లు, నిద్రపోతున్నవాళ్లు, ఊరొదిలి వెళ్లిపోయినవాళ్లు, ఒక మూసేసిన చెప్పుల కొట్టు కూడా ఇంటికి ఏడుగురి చొప్పున స్టేడియంలో కూర్చున్నారు.

చివరికి వచ్చిన అంకె ఇక్కడ రాయను. రాస్తే మళ్లీ ఎవరో ఒకరు వాడుకుంటారు. ఆ ఊరినీ చుట్టుపక్కల పల్లెలనూ బోర్లించి దులిపినా అంతమంది రాలరు. నాకు కొంచెం అనుమానం వచ్చి, "ఇతర రాష్ట్రాలలో స్థిరపడినవారితో కలిపి" అని కింద ఒక వాక్యం చేర్చాను.

నివేదికలు ఇవ్వాల్సిన ముందురోజు కాఫీ గదిలో ఆవిడ నా కాగితాలు చదివింది.

"ఇంటికి ఏడుగురు ఎక్కడి నుంచి తెచ్చారండీ?"

"సగటు."

"ఎవరి సగటు?"

"అంటే... మామూలుగా ఉండే సగటు."

"మీ ఇంట్లోదా?"

ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టి, బల్ల మీద తల ఆనించి నవ్వింది. మొదట నేనూ నవ్వాను. తర్వాత ఆవిడ లేచి, కళ్లు తుడుచుకుని, ఎక్కడెక్కడ తప్పో వరసగా చెప్పింది. ఎగతాళిగా చెప్పలేదు. పెన్సిల్‌తో నా కాగితం మీదే లెక్క సరిచేసి చూపించింది. సరిచేస్తే నా అంకె ఆవిడ అంకె పక్కకే వచ్చింది.

"రేపు మీరే చెప్పేయండి," అంది. "నేను చెప్తే బాగోదు. తప్పు దొరికింది, దిద్దాం అనండి. ప్రొఫెసర్ మెచ్చుకుంటారు కూడా. ఆ అసిస్టెంట్‌షిప్ సంగతి ఆయన చూసుకుంటారు."

సరే అన్నాను. ఆవిడ నమ్మింది.

మరునాడు డైరెక్టర్ గదిలో నలుగురం కూర్చున్నాం. ఆయన ముందు ఆవిడ కాగితం చూశాడు. "ఇంతకంటే ఎక్కువమంది మా చర్చిలో పాడతారు," అన్నాడు. తర్వాత నా కాగితం చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి పెట్టుకుని మళ్లీ చూశాడు. "నాకు తెలుసు," అన్నాడు మెల్లగా. "వాళ్లు అక్కడెక్కడో ఉన్నారని నాకు ఎప్పుడూ తెలుసు." పెద్దాయన కంట నీళ్లు పెట్టుకుంటాడేమోనని భయమేసింది.

ప్రొఫెసర్ మా ఇద్దరినీ చూసి, "ఇంత తేడా ఎలా వచ్చింది?" అని అడిగాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. నేను చెబుతానని ఎదురుచూస్తోంది. పెన్సిల్‌తో దిద్దిన కాగితం నా సంచీలోనే ఉంది.

నేను అన్న మాట ఇది: "ఫోన్లో ఒక విదేశీ అమ్మాయి ఫుట్‌బాల్ గురించి అడిగితే ఈ ఊరివాళ్లు మనసు విప్పి చెప్పరేమో. మగవాణ్ణి కాబట్టి నాతో చెప్పి ఉంటారు."

ఎక్కడ నుంచి వచ్చిందో ఆ మాట, అంత సాఫీగా వచ్చింది. డైరెక్టర్ "అదీ సంగతి!" అని బల్ల చరిచాడు. ప్రొఫెసర్ ఏదో అనబోయి, గడియారం చూసుకుని ఊరుకున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. అని ఉంటే పోటీలో ఓడినవాళ్ల ఏడుపులా ఉండేది. అది ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు.

అసిస్టెంట్‌షిప్ నాకొచ్చింది. ఆవిడ మే నెలలో ఊరొదిలి వెళ్లింది. ఎక్కడికని నేను అడగలేదు.

స్టేడియానికి రెండో అంతస్తు లేచింది. డిగ్రీ చేతికొచ్చిన ఏడాది ఒకసారి వెళ్లి అక్కడ కూర్చున్నాను. ఆ వరసలన్నిటిలో నాతో పాటు ఒక ముసలి జంట ఉంది. ఆయన మైదానానికి వీపు పెట్టి కూర్చున్నాడు. "ఇక్కడ నుంచి మా పొలం కనిపిస్తుంది," అన్నాడు. కొన్నాళ్లకు బ్యాండు మేళాన్ని కూడా ఖాళీ కనిపించకుండా పైకెక్కించారని విన్నాను.

తర్వాత నేను మిచిగన్‌లో కార్ల కంపెనీలో చేరి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కున్నాను. కథ చెప్పడం అక్కడే మొదలైంది. మొదట్లో ఆవిడ కాస్త తడబడేది. రెండో ఏడాదికి ఫోన్ జారవిడిచింది. వణుకు ఎప్పుడు చేర్చానో గుర్తులేదు.

ఎనభై ఏడులో ఒక స్నేహితుడి ఇంట్లో ఎప్పటిలాగే చెప్పాను. అందరూ నవ్వారు. ఒహాయో నుంచి వచ్చిన డాక్టరొకాయన మాత్రం నవ్వలేదు. పెరుగన్నం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి మా ఆవిడండీ," అన్నాడు మెల్లగా. "ఇవాళ ఆఫీసు పనుండి రాలేదు. మీరు చెప్పిన వణుకు సంగతి నాకు కొత్త."

ఆయన కోప్పడలేదు. కాగితం రుమాలు మీద ఇంటి ఫోన్ నంబరు రాసిచ్చాడు.

ఫోన్ చేయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఈలోపు ఆ యూనివర్సిటీకి ఫోన్ చేశాను, కనీసం అంకెనైనా సరిచేద్దామని. క్రీడావిభాగంలో ఒక కుర్రాడు చాలా మర్యాదగా విన్నాడు. "ఆ పాత అంకె తప్పని మాకూ తెలుసు సార్," అన్నాడు. "ఇప్పుడు దానికి ఇంకో పాతిక శాతం కలిపాం."

ఆవిడ మొదటి రింగుకే ఎత్తింది. నేనెవరో చెప్పాను. క్షమించమని అడిగాను.

"అదలా ఉంచండి," అంది. "ఆ కథ ఎంతమందికి చెప్పారు?"

"చాలామందికి."

"చాలామంది అనేది అంకె కాదు కదండీ. సరే, వాళ్లకి అసలు సంగతి చెప్పండి. మీ నోటితోనే చెప్పండి."

చెప్పడం మొదలుపెట్టాను. ఎవరికీ నచ్చలేదు. ఒకాయన, "గురువుగారూ, ఇది బాలేదు, పాతదే చెప్పండి. వణుకు లేకపోతే మజా ఏముంది?" అన్నాడు. వాళ్లావిడ, "ఊరుకోండి, ఆయన మొహం చూడండి," అంది. మా ఇంట్లో నా భార్య ఒక్కతే చివరిదాకా విన్నది. విని, ఆ వారం నాతో సరిగా మాట్లాడలేదు. ఇంకా చెప్పాల్సిన ఇళ్లు చాలా ఉన్నాయి. కొందరు టెక్సస్ వెళ్లిపోయారు, కొందరి నంబర్లు లేవు. అందుకని రాయాలనుకుని, ఆవిడను అనుమతి అడిగాను.

"రాయండి. పేరు వద్దు," అంది. "నా మీద జాలి పుట్టేలా రాయకండి. అలాగని, పోన్లే చివరికి అంతా మంచే జరిగిందిగా అనీ రాయకండి. జరిగింది నిజమే, నా పీహెచ్‌డీ అయింది, ఉద్యోగముంది, ఇల్లుంది. కానీ అక్కడ చేసిన పనంతా పక్కన పడేసి, వేరే చోట మొదటి నుంచి మొదలుపెట్టాను. ఫీజు కట్టి వీసా నిలుపుకోవడానికి ఒక ఏడాది పరాయివాళ్ల ఇంట్లో పిల్లల్ని చూసుకున్నాను. మా నాన్నగారికి బాగోలేదని ఉత్తరమొస్తే, వెళ్తే తిరిగి రానివ్వరేమోనని వెళ్లలేదు. అది రాయండి."

ఆవిడ లెక్క సరైనది. నాది తప్పని నాకు ముందురోజే తెలుసు.