శంఖం పిల్లల ఒడిబియ్యం

సికింద్రాబాద్ స్టేషన్‌లో విశాఖ రైలు కోసం కూర్చున్నాను. పక్కన ఒక పెద్దావిడ, ఆమె ఒళ్లో పసుపు కలిపిన బియ్యం మూట. మెట్టుగూడలో ఉండే తమ్ముడు పోసిన ఒడిబియ్యమట. పుట్టింటివాళ్లు ఆడపడుచు ఒడి నింపి పంపుతారని, ఆ బియ్యం అత్తింట్లో వండి నలుగురికీ పెట్టాలని ఆమే చెప్పింది. మా భీమిలి ఇంట్లో నేనెప్పుడూ చూడని వేడుక.

నాది సముద్రపు నత్తల మీద పని. ఆ రోజు నా చేతిలో ఎండిన శంఖం గుడ్ల గూడు ఉంది.

“గదేంది బిడ్డా, పొట్టేలు కొమ్ము లెక్కున్నది?”

చెప్పాను. శంఖమంటే పురుగుల్ని వేటాడి తినే నత్తే. చాలా నత్తల పిల్లలు పుట్టగానే నీటివాలున ఎక్కడెక్కడికో కొట్టుకుపోతాయి. శంఖం పిల్లలు మాత్రం గూటిలోనే పెరిగి, గుల్ల గట్టిపడ్డాక పాకుతూ బయటికొస్తాయి. పెద్ద దూరం కూడా పోవు.

“అప్పటిదాంక లోపల ఏం తింటయి? తల్లి ఒడిబియ్యం పోసిందా?” అని నవ్వింది.

“ముందు పెరిగినవి తోబుట్టువుల్నే తింటాయమ్మా.”

ఆమె నవ్వు ఆగిపోయింది. గూడు తీసుకుని ఒక్కో అరనూ వేలితో తడిమింది.

“మా నాయిన ఒక్కరినే సదివిస్తనన్నడు. నన్ను బడి మాన్పించి తమ్మున్ని తోలిండు.”

“తినేది తోబుట్టువుల్నని నత్తలకి తెలీదమ్మా” అన్నాను.

“మావోనికి ఎరికే బిడ్డా.” మూట ముడి బిగించుకుంది. “నాయిన పోయినంక బియ్యం పోసేది వాడే. ఒడి నింపుతున్నంతసేపు ఒక్కపారి సుత నా మొకం దిక్కు సూడడు.”