గోడ మీది బొగ్గు గీతలు

కాలేజీలో నేర్చిన లెక్కల మీద నాకు అప్పట్లో మహా పొగరు. డెబ్భైల చివర్లో విశాఖలో ఒక మిలిటరీ ఆసుపత్రికి అంచనాలు కట్టే ఉద్యోగం నాది. వంటకూ బట్టల ఉతుకుకూ ఆవిరి ఇచ్చే పాత బాయిలర్ తీసి కొత్తది పెట్టాలి. కొనే ధర ఒక్కటే చూస్తే సరిపోదు. బిగించిన రోజు నుంచి పాతసామానుకు అమ్మేదాకా అయ్యే ఖర్చంతా కట్టి, రెండు రకాల్లో ఏది మేలో తేల్చాలి. ఒకటి నీటిలో ఉప్పు తీసే యంత్రంతో వచ్చేది, రెండోది అది లేకుండా చవగ్గా వచ్చేది. పుస్తకం చూసి రెండింటికీ ఒకే ఆయుష్షు వేశాను. చవకదే గెలిచింది.

కొలతల కోసం బాయిలర్ గదికి వెళ్లాను. దాన్ని నడిపేది యారాడ నుంచి వచ్చే ఒక పెద్దాయన. నా లెక్క చెబితే ఆయన వాదించలేదు. బాయిలర్‌కు పెట్టే నీళ్లు గ్లాసులో పట్టి ఇచ్చాడు.

"నాలిక మీదేసుకోండి బాబూ. ఎండాకాలం కుళాయి నీరు సాలదు. ఈ నూతి నీరే దీనికి పెడతన్నాను."

ఉప్పగా ఉన్నాయి. నేను చూసింది కుళాయి నీటి పరీక్ష కాగితం. ఆయన రోజూ పొద్దున్నే ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసేవాడు.

తర్వాత గోడ చూపించాడు. ఏటా సున్నం కొట్టేవాళ్లతో తలుపు పక్కన చాపంత మేర వదిలించేవాడట. దాని నిండా బొగ్గు గీతలు. ఉప్పు పేరుకుని బాయిలర్ లోపలి ట్యూబు చిల్లిపడి మార్చినప్పుడల్లా ఒక గీత.

"గీత గీసినప్పుడల్లా నాను లోపలికి దూరినాను బాబూ. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది. నడుం వొంగట్లేదు."

నాకు సిగ్గేసింది. ట్యూబుల ధర వేశాను గానీ, సరిగా చల్లారని పొయ్యిలో పాకే మనిషిని ఎక్కడా వేయలేదు. గీతలన్నీ ఎక్కించుకుని అంచనా మళ్లీ కట్టాను. ఈసారి యంత్రంతో వచ్చేదే గెలిచింది. రికార్డు ఏదని పై అధికారి అడిగితే గోడ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన గీతలన్నీ చూసి, ఆ నీళ్లు తనూ రుచి చూసి, అక్కడే నిలబడి ఫైలు మీద సంతకం పెట్టాడు.

కొత్త బాయిలర్ వచ్చాక మూడు ఎండాకాలాలు ఆ గోడ మీద గీత పడలేదు. అంత నమ్మకంగా లెక్క ఉంచిన మనిషిని నా సర్వీసులో మళ్లీ చూడలేదు. నాలుగో ఏడు సున్నాలు కొడుతున్నారని తెలిసి అటు వెళితే, తలుపు పక్కన కూడా తెల్లగా, తడిగా ఉంది. కంగారుపడి ఇదేమిటని పెద్దాయన్ని అడిగాను.

"నానే కొట్టీమన్నాను బాబూ," అన్నాడు. "ఇంక దూరక్కర్లేదు కదా."