రొట్టెల వ్యానులో కొండదారి

పెద్దాసుపత్రి గుమ్మంలో అడుగుపెట్టగానే ఎడమచేతి వైపు ఒక చెక్క కౌంటరు, దానిమీద రెండు ఫోన్లు, ఆ ఫోన్ల వెనక ఎంక్వైరీ మేడం. పందొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. ఎముకల డాక్టరు ఏ అంతస్తులో ఉంటాడు, రక్తపరీక్ష కాగితాలు ఎప్పుడిస్తారు, లోపలున్న మా నాన్నని ఎప్పుడు చూడనిస్తారు, ఇవే ప్రశ్నలు రోజుకి మూడు నాలుగు వందలసార్లు. ఆవిడ ఒక్కసారైనా విసుక్కోగా చూసినవాళ్ళు లేరు. ఏడుస్తూ వచ్చినవాళ్ళని ముందు కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా చెప్పమ్మా అనేది. సగం జబ్బు ఆ కౌంటరు దగ్గరే తగ్గిపోతుందని జనం చెప్పుకునేవారు. మిగతా సగం తగ్గించలేక డాక్టర్లు తల గోక్కునేవారు.

ఇంటికి చేరేసరికి ఆ గొంతు బొంగురుపోయేది. సంచీ మేకుకి తగిలించి, వేలితో గొంతు చూపించి, ఇవాళ్టికి నన్నేమీ అడక్కండి అన్నట్టు చెయ్యి ఊపేది. ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయింది. ఎవరి కంచంలో వాళ్ళు పెట్టుకు తిని, ఎవరి కంచం వాళ్ళు కడుక్కునేవారు.

ఆవిడ మొగుడు రొట్టెల వ్యాను డ్రైవరు. తెల్లవారకముందే బేకరీలో ట్రేలు ఎక్కించుకుని, కొండమీది ఏడు ఊళ్ళూ తిరిగి, దీపాలు పెట్టే వేళకి దిగొచ్చేవాడు. మాట విషయంలో మహా పిసినారి. ఊఁ, సరే, చూద్దాం. ఈ మూడు ముక్కలతో ఇరవై రెండేళ్ళ కాపురం లాగించేశాడు. బెల్లం కొట్టిన రాయిని కట్టుకున్నాను, దానికి అంటుకున్న బెల్లం కూడా నా వంతుకి రాలేదు అని ఆవిడ ఆసుపత్రిలో నర్సులతో నవ్వుతూ చెప్పేది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆయన, ఈ పరుగులు తగ్గాక తీరిగ్గా కూర్చుని మాట్లాడుకుందాంలే అన్నాడు. వెర్రిబాగులది, ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్ళూ ఎదురుచూసింది.

ఒక శనివారం పొద్దున ఆయన డ్యూటీకి వెళ్ళలేదు. వ్యాను ఇంటి ముందే ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడి, కొండమీది లైను బేకరీవాళ్ళు ఎత్తేశారనీ, నిన్నటితో తన పని అయిపోయిందనీ, సోమవారం వ్యాను అప్పగించాలనీ చెప్పాడు. ఆవిడ చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు.

"ఈ రెండ్రోజులూ పైకి వెళ్ళొద్దాం. అందరం. ఎక్కండి."

ఆవిడ చెవుల్ని ఆవిడే నమ్మలేదు. ఉద్యోగం పోయిందన్న బాధ కంటే, ఈ మనిషి ఇన్నాళ్ళకి నోరు విప్పబోతున్నాడన్న ఆశే ముందు కలిగింది. ఎక్కడ ఉంటాం, ఎక్కడ పడుకుంటాం అని అడిగితే, వ్యానుంది, టార్పాలిన్ ఉంది అన్నాడు. అరగంటలో దుప్పట్లు, స్టవ్వు, బిందె, రెండు గిన్నెలు వ్యానులో పడ్డాయి. అత్తగారు తన దిండూ, మోకాళ్ళ నూనె సీసా, ఎందుకైనా మంచిదని గొడుగూ పట్టుకుని అందరికంటే ముందు వచ్చి నిలబడింది. పదిహేనేళ్ళ కూతురు మాత్రం, ఎవరు పోయారు అని అడిగింది. ఆ ఇంట్లో అందరూ కలిసి బయల్దేరాలంటే ఎవరో ఒకరు పోవాలి మరి.

వ్యానులో ముందు డ్రైవరు పక్కన ఒక్కరికే చోటు. అత్తగారికి మలుపులు పడవు, కళ్ళు తిరుగుతాయి. కాబట్టి పెద్దావిడ ముందు, తల్లీకూతుళ్ళు వెనక, బోర్లించిన రొట్టెల ట్రేల మీద. వెనక కిటికీ లేదు. కొండల అందం చూద్దామని బయల్దేరిన మనిషి మూడు గంటలసేపు రేకు గోడని చూస్తూ కూర్చుంది. ఒక్కో మలుపుకీ ట్రే జారి ఆవిడ ఈ గోడకీ, కూతురు ఆ గోడకీ కొట్టుకున్నారు. అయినా ఆవిడకి కోపం రాలేదు. సాయంత్రం అందరం కింద కూర్చున్నాక ఏం మాట్లాడాలో మనసులో వరసగా పేర్చుకుంటోంది.

మొదటి ఊళ్ళో వ్యాను ఆగకముందే హారను రెండు పొట్టిగా, ఒకటి పొడుగ్గా మోగింది. వెనక తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా పదిమంది. "బావగారొచ్చారు" అని కిరాణా కొట్టాయన లోపలికి కేకేశాడు. ఆవిడ సొంత తమ్ముళ్ళు కూడా ఆయన్ని అంత నోరారా బావగారూ అని పిలిచి ఎరగరు. ఆయన ఆ కొట్టాయన భుజం మీద చెయ్యేసి, ఏదో చెవిలో చెప్పి, పకపకా నవ్వాడు. నోరంతా తెరిచి నవ్వాడు. కుడివైపు పైపన్ను ఒకటి లేదని ఆవిడకి అప్పుడే తెలిసింది.

అక్కడ ఆయన నోటికి అడ్డే లేదు. చెప్పులు కుట్టేవాడి కూతురి పరీక్ష ఎలా జరిగిందో కనుక్కున్నాడు. మంగలి షాపు పెద్దాయన్ని ఆటపట్టించాడు. ఒక ముసలమ్మకి కళ్ళల్లో చుక్కల మందు తనే వేశాడు. పెళ్ళాం ఇదంతా వెనక నిలబడి గుడ్లప్పగించి చూసింది. మా ఇంటికి రోజూ చీకటిపడ్డాక వచ్చే మనిషి ఈయనేనా అనుకుంది. నీ కొడుకు ఇంత మాటకారి అని నాకు చెప్పలేదేం అత్తయ్యా అని అడిగితే, అత్తగారు కూడా మూతి ముడుచుకుని, నాకు మాత్రం ఎవడు చెప్పాడు అంది.

రెండో ఊళ్ళో టైర్ల షాపువాడు ఆయన మెడ వంక చూసి, సన్మానం రోజు మేం కప్పిన మఫ్లరు వేసుకోలేదేం బావగారూ, నచ్చలేదా అని అడిగాడు. ఏ సన్మానం అని ఆవిడ అడిగింది. వాడు గుట్టేమీ లేకుండా చెప్పేశాడు. లైను ఎత్తేస్తున్నారని మూడు నెలల క్రితమే తెలిసిందట. ఊరూరా చిన్న చిన్న సభలు పెట్టుకున్నారట. ఆయన ఒక్కో చోటా ఏడ్చాడట. మఫ్లరు, టార్చిలైటు, గోడగడియారం, అన్నీ డ్రైవరు సీటు కిందే ఉన్నాయి. ఏడు ఊళ్ళకి మూడు నెలల క్రితం తెలిసిన సంగతి ఇంట్లో పెళ్ళానికి ఈ పొద్దున తెలిసింది. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ నలుగురిలో ఏమంటుంది. మళ్ళీ వెళ్ళి రేకు గోడ ముందు కూర్చుంది.

మూడో ఊరు దాటాక రోడ్డు పక్కన చెట్ల మధ్య చదునైన జాగా ఉంది. దాన్ని ఆనుకుని ఒక టీకొట్టు. రాత్రికి అక్కడే అన్నాడు. ఆయన టార్పాలిన్ ఒక అంచు వ్యాను తలుపుకీ, రెండో అంచు చెట్లకీ కడుతుంటే ఆవిడ నీళ్ళకోసం టీకొట్టుకి వెళ్ళింది. టీకొట్టామెది ఆవిడ వయసే. బిందె అందుకుని, ఆవిడ మొహంలోకి ఒక నిమిషం జాలిగా చూసింది.

"బాబు సంగతి అన్నయ్య చెప్పాడమ్మా. పుట్టినప్పుడు చెవుల మీద కూడా వెంట్రుకలు ఉండేవట కదా. నాలుగు రోజులకే పోయాడని చెప్పి, ఇక్కడే ఈ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు."

 కూతురి కంటే ముందు పుట్టిన పిల్లాడు వాడు. ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆయన వాడి ఊసెత్తలేదు. ఒక్కసారి, ఒక్క మాట లేదు. తను ఎత్తబోతే లేచి వెళ్ళిపోయేవాడు. మగవాడు, మరిచిపోయాడు కాబోలు, గాయం రేపడం దేనికి అని ఆవిడ ఆ దుఃఖమంతా కడుపులోనే దాచుకుంది. వాడి చెవుల మీద వెంట్రుకలు తనకొక్కదానికే గుర్తున్నాయనుకుంది. అవి ఈ టీకొట్టు బల్లకి కూడా తెలుసు. ఆయనకి వేరే ఆడది ఉందని తెలిసినా ఇంత నొచ్చుకునేది కాదు. అలాంటిదైతే తిట్టడానికి ఒక మనిషైనా దొరికేది.

బిందె టార్పాలిన్ కింద దించి, అత్తగారూ కూతురూ వినేలాగే అడిగింది.

"వాడి గురించి ఆవిడెవరితోనో చెప్పుకుని ఏడ్చారట. నాతో ఒక్కసారైనా ఎందుకు అనలేదు?"

ఆయన తాడు ముడి వేసి, విప్పి, మళ్ళీ వేశాడు. తర్వాత ఆవిడ వంక చూడకుండానే చెప్పాడు.

"అందామనే ఇంటికొచ్చేవాణ్ణి. నువ్వు గొంతు చూపించేదానివి."

ఆ మాటతో ఆవిడ ఒంటికాలి మీద లేచింది. పగలంతా ఊరి జనం ఏడుపులు మోసి వచ్చిన మనిషికి గొంతు పోకుండా ఉంటుందా అంది. తప్పంతా తన మీదకి తోసి చేతులు దులుపుకోవద్దంది. ఇరవై రెండేళ్ళుగా పేర్చుకున్న మాటల్లో మంచివన్నీ పక్కకి పోయి, చెడ్డవే బయటికొచ్చాయి. ఆయన ఊఁ కూడా అనలేదు. అత్తగారు గొడుగు తెరిచి దాని వెనక కూర్చుంది. పొద్దున్నే బస్సుకి అక్కయ్య ఊరు వెళ్ళిపోతాననీ, పిల్లని కూడా తీసుకుపోతాననీ, ఇక ఆ ఇంటి గడప తొక్కనే తొక్కననీ ఆవిడ తేల్చి చెప్పేసింది. స్టవ్వు ఎవరూ వెలిగించలేదు.

పొద్దున్నే సంచీ సర్దుకుని బస్సాగే చోటుకి నడిచింది. కూతురు వెనకే వచ్చింది గానీ చేతిలో సంచీ లేదు. ఒట్టి చేతులతో వచ్చావేం, నీ బట్టలేవీ అని అడిగింది. పిల్ల రాయి మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. ఆవిడ గొంతు తగ్గించి, పిల్లని తనవైపు తిప్పుకోవాలని చూసింది. మీ నాన్న చూశావుగా, ప్రేమంతా పరాయివాళ్ళకి పంచి మనకి నిన్నటి రొట్టె తెచ్చాడు, అలాంటి మనిషి దగ్గర నీకేం పని అంది. ఆవిడకి పిల్ల మీద అనుమానమే లేదు. మొగుడు పోతే పోయాడు, కూతురు తన పక్షమే. ఆ ధైర్యంతోనే అంత దూరం నడిచింది.

"నాకు ఏడో క్లాసులో జ్వరమొచ్చింది, గుర్తుందా అమ్మా?" అంది కూతురు. "ఇంట్లో నాన్నమ్మ కూడా లేదు. భయమేసి మీ ఆసుపత్రికి ఫోన్ చేశాను. నువ్వే ఎత్తావు."

నువ్వెప్పుడు చేశావు, నాకు తెలీదే అంది ఆవిడ.

"నా గొంతు బొంగురుపోయింది. గుర్తుపట్టలేదు నువ్వు. భయపడకు తల్లీ, నుదుటి మీద తడిగుడ్డ వేసుకో, అమ్మ వచ్చేదాకా కదలకుండా పడుకో అన్నావు. అలాగే పడుకున్నాను. నువ్వొచ్చి, ఇంకా మంచం దిగలేదేం అని కసిరావు."

ఆవిడ ఏదో అనబోయింది. కూతురు ఆపలేదు. కోపంగా కూడా చెప్పడం లేదు, పాఠం అప్పజెబుతున్నట్టు చెబుతోంది.

"అప్పట్నుంచీ అప్పుడప్పుడూ చేస్తుంటాను. కళ్ళ డాక్టరు ఎప్పుడుంటారు, పిల్లల వార్డు ఎక్కడ, ఏదో ఒకటి అడుగుతాను. నువ్వు తల్లీ అంటావని. మొన్న మంగళవారం కూడా చేశాను."

మలుపు తిరిగి బస్సు వచ్చి ఆగింది. ఎవరూ దిగలేదు. కండక్టరు తలుపు తీసి, ఎంతమంది అని అడిగాడు. ఆవిడ కూతురి మొహంలోకి చూసింది. పిల్ల రాయి మీంచి లేవలేదు.

వెళ్ళే ముందు పిల్లతో ఏదైనా ఒక మంచి మాట అనాలనుకుంది. ఇంట్లో అనే మాటలన్నీ వెతికింది. తిన్నావా, చదివావా, ఆపు, పడుకో. మెత్తగా అనడానికి ఆవిడ దగ్గర ఇంకో గొంతు లేదు. చివరికి, "జాగ్రత్త తల్లీ" అంది. అది కౌంటరు దగ్గరి గొంతే, అచ్చం అలాగే వచ్చింది. ఆవిడకీ తెలిసింది, పిల్లకీ తెలిసింది. కూతురు తల వంచుకుని, సరే మేడం అంది. ఆవిడ బస్సెక్కింది. ఒక టిక్కెట్టు అని కండక్టరుకి వేలితో చూపించింది.