కచేరీ గంట

నల్లగొండ నడిబొడ్డున ఉన్న పాత సర్కారు కచేరీలో నేను చాలాకాలం పనిచేశాను. నిజాం కాలపు కట్టడం. రాతి గోడలు, డంగు సున్నం, కమాను మీద చెరిగిపోయిన ఉర్దూ అక్షరాలు. వానాకాలం బల్లల మధ్య బకెట్లు పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఎండాకాలం మాత్రం ఆ చల్లదనం వదిలి ఇంటికి పోబుద్ధయ్యేది కాదు. కమాను కింద పెద్ద ఇత్తడి గంట వేలాడేది. ఖజానాకు పహరా కాసే పోలీసు గంటగంటకూ దాన్ని కొట్టేవాడు.

ఆఫీసులో దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. వెనకనున్న మా మగ్గాల వాడ మాత్రం దాని మీదే నడిచేది. మా బాపు గుంట మగ్గంలో కూర్చున్నాడంటే పోగు మీదినుంచి కన్ను తీయడు. రంగుకు రంగు కలవకపోతే చీర మీద పువ్వు చెదిరిపోతుంది. గడియారం చూడాలంటే తల ఎత్తాలి, గంటకు ఆ బాధ లేదు. పన్నెండు కొట్టగానే లేచి తినేవాడు. ఆయనకు షుగరు. పొద్దున గోలీ వేసుకున్నాక వేళకు తినకపోతే కళ్లు తిరుగుతాయి.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఊరి బయట కొత్త ఆఫీసు కట్టారు. ఖజానాతో సహా అందరం తరలిపోయాం. పాత కచేరీకి వారసత్వ కట్టడమని బోర్డు పెట్టి, తాళం వేశారు. లోపల దేన్నీ ముట్టుకోవద్దన్నారు కనుక గంట అక్కడే ఉండిపోయింది. పనిచేసినన్నాళ్లూ మాకెవరికీ అంత మర్యాద దక్కలేదు.

అమ్మ పోయాక పగలు ఇంట్లో బాపు ఒక్కడే. గంట ఆగిన కొన్నాళ్లకు మగ్గం గుంటలోనే సొమ్మసిల్లాడు. పక్కింటివాళ్లు దవాఖానకు తీసుకుపోయారు. నేను పెట్టిపోయిన అన్నం మూత కూడా తీయలేదు.

"పువ్వు సగంల ఉండె బిడ్డా. ఇంక పొద్దు గాలేదనుకున్న" అన్నాడు.

నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఫోనులో అలారం పెట్టాను. అది మోగితే నొక్కేసి మళ్లీ నేసేవాడు.

చివరకు కచేరీ కాపలాదారు దగ్గరికి వెళ్లి, రోజూ పన్నెండింటికి ఒక్కసారి గంట కొట్టమని అడిగాను.

"ఆర్డరు లేకుండ ముట్టద్దన్నరమ్మా. నా నౌకరి పోతది" అన్నాడు.

నేనూ సర్కారు మనిషినే, ఏమనగలను? బాపు సంగతి చెప్పుకుని వచ్చేశాను.

తర్వాత ఒక సెలవు రోజున నేను ఇంట్లో ఉండగా గంట మోగింది. మెల్లగా, దొంగచాటుగా. బాపు పోగు నడిపే నాడెను పక్కన పెట్టి గుంటలోంచి లేచాడు. పువ్వు ఇంకా సగమే ఉంది.

"ఫోను మోగితె లెవ్వవు గద బాపూ. గిదానికి ఎట్ల లేస్తివి?" అన్నాను.

ఆయన చేతులు కడుక్కుంటూ అన్నాడు:

"ఎవ్వలకు చెప్పకు. నౌకరి పోతదేమోనని భయపడుకుంటనే రోజు కొడుతుండు గా మనిషి. నేను తినకుంట ఎట్ల కూసుంట?"