మా అత్త రాసిన నాలుగు లైన్లు

మా అత్త పోయింది. ఆసుపత్రివాళ్ళ కాయితంలో మంగళవారం ఉదయం అని ఉంది. నన్నడిగితే అంతకు పదకొండు రోజుల ముందే పోయింది. ఆ పదకొండు రోజులూ ఆవిడకి అక్కర్లేదు, మేం బలవంతంగా అంటగట్టేం. ఇక్కడి తెలుగువాళ్ళ సంఘం వాళ్ళు ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. మంచి మాటలు లేకేం, బోలెడున్నాయి. అవొక్కటే రాసి ఊరుకుంటే మాత్రం నాకు నిద్ర పట్టదు.

ఇక్కడి ఉక్కు కంపెనీ ఆసుపత్రిలో నర్సుగా ముప్ఫయ్యేళ్ళు చేసింది మా అత్త. సెక్టర్ ఆరులో కంపెనీ క్వార్టరు నుంచి సైకిల్ మీద డ్యూటీకి వెళ్ళేదిట, వెనక క్యారేజీ మీద మా ఆయన్ని కూచోబెట్టుకుని, బళ్ళో దింపుతూ. రిటైరయ్యేక నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకున్నా ఆ వార్డు బుద్ధులు పోలేదు. దుప్పటి మూలలు మడిచి పరుపు కింద దోపకపోతే ఆ మంచం మీద కూచునేది కాదు. ఎవరైనా దగ్గితే చాలు, "ఎన్నాళ్ళబట్టి?" అని మొదలెట్టేది. నేను బొబ్బిలి నుంచి కాపరానికి వచ్చినప్పుడు నాకు హిందీ ముక్క రాదు. మూడో రోజునే సుపేలా బజారుకి తీసుకెళ్ళి, కూరలమ్మి ముందు నిలబెట్టి, "నాను ఆ సెప్పుల కొట్టుకాడుంటాను. నువ్వు టమాటాలు కొనుక్కుని రా" అని వెళ్ళిపోయింది. ఏడుపొచ్చింది. కొన్నాను. కిలో టమాటాలకి కొత్తిమీర కొసరు కూడా తెచ్చేనని వీధి వీధంతా చెప్పుకుంది. నాకు ఈ ఊళ్ళో కాళ్ళూ చేతులూ ఆవిడే ఇచ్చింది.

డెబ్భై దాటేక ఊపిరితిత్తులు పాడైపోయేయి. మేం రిపోర్టులు పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరుగుతుంటే నవ్వేది. "మీకు రిపోర్టు తెలుసు. నా ఒంట్లో ఏటుందో నాకు తెలుసు" అనేది. ఒకరోజు మధ్యాహ్నం పిల్లల నోటుబుక్కులోంచి కాయితం చింపి, నాలుగు లైన్లు రాసి నా చేతికిచ్చింది. చివరి రోజుల్లో తనకి ఏ వైద్యం చెయ్యాలో, ఏది చెయ్యకూడదో అందులో ఉంది. ముత్యాల్లాంటి తెలుగక్షరాలు.

"ఇంగ్లీషులో రాయలేకపోయావా అత్తా?" అన్నాను.

"డ్యూటీ అంతా ఇంగ్లీషు, బజారంతా హిందీ. నా సావైనా నా మాటలో రాసుకోనియ్యే అమ్మీ."

మర్నాడే ఇద్దరం ఆటో కట్టించుకుని సుపేలాలో నోటరీ దగ్గరికి వెళ్ళేం. ఆయన కాయితాన్ని అటూ ఇటూ తిప్పి, "మాతాజీ, ఇది రాతా, జిలేబీలా?" అన్నాడు. అత్త ఊరుకుంటుందా? "తినడానికి తేలేదు నాయనా, ముద్దర ఎయ్యడానికి తెచ్చేను" అని హిందీలోనే అంటించింది. పాపం ఆయన నవ్వేసి, హిందీలో రాయించి, ఇద్దరు సాక్షుల్ని తీసుకుని రమ్మన్నాడు.

ఇక్కడే మా ఇంటి విడ్డూరం మీకు చెప్పాలి. నాకు తెలుగు చదవడం వచ్చు, హిందీ రాయడం రాదు. మా ఆయన ఇక్కడే పుట్టి పెరిగేడు. తెలుగు మాట్లాడతాడు గానీ ఒక్కక్షరం చదవలేడు, హిందీ మాత్రం చకచకా రాస్తాడు. ఆడపడుచూ అంతే. అంచేత నేను చదవాలి, ఆయన రాయాలి. గంట పని. ఆ గంట మాకు ఏడాదిన్నర దొరకలేదు. ఇంకెవరిచేతైనా రాయించొచ్చు కదా అంటారు మీరు. నేనూ అన్నాను. అత్త ఒప్పుకోలేదు. "నా కొడుకు సేత్తోనే రాయాల. రేపు ఆసుపత్రిలో సంతకం అడిగేది ఆడినే" అంది.

ఒక్క ఆదివారం భోజనాల బల్ల దగ్గర కూచున్నాం. అత్త ఎదురుగా పల్లీలు వలుస్తోంది. మొదటి లైను చదివేను: "ఊపిరి అందకపోతే ఆక్సిజన్ పెట్టండి, నొప్పి తెలియకుండా మందివ్వండి." రాసేడు. రెండో లైను చదివేను: "గొంతులో గొట్టం వెయ్యొద్దు, మిషను మీద పెట్టొద్దు." ఆయన పెన్ను అక్కడే ఆగిపోయింది. "ఇవన్నీ ఇప్పుడెందుకమ్మా? అభీ తో తుమ్ ఠీక్ హో, బాగానే ఉన్నావు కదా" అని లేచి స్కూటరు తీసుకుని వెళ్ళిపోయేడు. అత్త పల్లీల చేట తీసుకుని లోపలికి వెళ్ళింది. తర్వాత రెండు మూడుసార్లు నా మొహంకేసి చూసింది. "వచ్చే ఆదివారం అత్తా" అన్నాను. నేనూ తక్కువేం తినలేదు. మొగుడితో గొడవెందుకులే అని నోరు మూసుకున్నాను.

ఆ వచ్చే ఆదివారం రానేలేదు. ఒక ఉదయం ఊపిరాడక నీలంగా అయిపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళేం. రాయపూర్ నుంచి ఆడపడుచు పరిగెత్తుకొచ్చింది. గంట తిరక్కుండా డాక్టరు వచ్చి, వెంటిలేటర్ పెట్టాలి, సంతకం చెయ్యండి అన్నాడు. నేను సంచీలోంచి అత్త కాయితం తీసేను. వరండాలో అందరి ముందూ పైకి చదివేను. రెండు లైన్లు చదివేనో లేదో ఆడపడుచు నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"భాభీ, బస్ కరో! మాకు చదవడం రాదు కదా అని నువ్వేది చదివితే అదే అమ్మ మాటా? అందులో ఏం రాసుందో ఎవరికి తెలుసు?"

ఎవరికి తెలుసా! మా ఆయనకి తెలుసు. భోజనాల బల్ల దగ్గర ఆ రెండు లైన్లూ చెవులారా విన్నాడు, తల్లి ఎదురుగా. "నిజమే, అమ్మ అలాగే రాసింది" అని ఒక్క మాటంటే సరిపోయేది. నేను ఆయన మొహంకేసే చూస్తున్నాను. ఆయన ఆ ఫారం చేతిలోకి తీసుకుని, "పెన్నుందా?" అని నన్నే అడిగేడు.

ఇచ్చేను. ఎందుకిచ్చేనో ఇప్పటికీ నాకు తెలీదు. ఆయన్ని ఎంత తిట్టుకున్నా ఆ పెన్ను నాది.

పదకొండు రోజులు. పొద్దున్న పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు లోపలికి వెళ్ళనిచ్చేవారు. ఆడపడుచు గాజు తలుపు దాకా వచ్చి, ఏడ్చి, వెనక్కి వెళ్ళిపోయేది. మా ఆయన మానిటర్ మీద అంకెలు చూసి వచ్చేసేవాడు. అత్త కళ్ళు తెరిచే ఉండేది. మాటాడ్డానికి లేదు, నోట్లో గొట్టం. అన్నేళ్ళు నన్ను సాకిన మనిషి నన్ను చూసిన చూపులో కోపం ఉంటే బాగుణ్ణు అనిపించేది. పరామర్శకి వచ్చినవాళ్ళందరితో మావాళ్ళు ఒకటే మాట, "మా చేతుల్లో ఉన్నదంతా చేసేం" అని. వింటూ టీలు అందించేదాన్ని.

నాలుగో లైనులో, ఇంక లాభం లేదంటే ఇంటికి తీసుకెళ్ళిపోండి అని రాసింది. తీసుకొచ్చేం, శవాన్ని.

స్నానం చేయించడానికి ఆడపడుచూ నేనూ కూచున్నాం. నేను నీళ్ళు పోస్తుంటే ఆవిడ సబ్బు రాస్తోంది. మోచేతి దాకా వచ్చి ఆగిపోయింది. అత్త మణికట్టు చుట్టూ కమిలి నల్లగా పట్టీ వేసినట్టుంది. రెండో చెయ్యి ఎత్తి చూసింది. దానికీ ఉంది.

"ఏ క్యా హై భాభీ? ఇదేటి?"

"కట్టేరు. గొట్టం పీకేసుకోబోయిందిట. నువ్వు లోపలికి రాలేదు కదా, దుప్పటి కింద నీకు కనబడలేదు" అన్నాను. అక్కడితో ఊరుకుందామనే అనుకున్నాను. నా వల్ల కాలేదు. "అది కాయితంలో మూడో లైను. ఆ రోజు నన్ను చదవనివ్వలేదు నువ్వు."

సబ్బు కింద పెట్టి, "చదువు" అంది.

కాయితం లోపలెక్కడో ఉంది. నాకది అక్కర్లేదు, కంఠతా వచ్చు.

"నా చేతులు మంచానికి కట్టొద్దు. నా సర్వీసులో చాలామందివి నేనే కట్టేను. వాళ్ళు నన్ను ఎలా చూసేవారో నాకు గుర్తుంది."

ఆడపడుచు తల్లి మణికట్టు ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో ఆ నలుపు మీద రుద్దుతూ కూచుంది. బయట పెద్దవాళ్ళు తొందరపెడుతున్నారు. బకెట్లో నీళ్ళు చల్లారిపోయేయి. ఆవిడ ఇంకా రుద్దుతూనే ఉంది.