పిల్లల డాక్టరు విన్న గుండె

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకొస్తున్న రోజులు. యానాం బస్టాండులో నా పక్కన ఓ మామ్మగారు, ఒళ్ళో దగ్గుతున్న మనవరాలితో కాకినాడ బస్సు కోసం కూర్చున్నారు. నా సెల్లు అడిగి, ఎప్పుడూ చూపించే పిల్లల డాక్టరుగారికి ఫోను చేయించుకున్నారు. ఆయన దగ్గు వినిపించమంటే ఫోను పిల్ల నోటి దగ్గర పెట్టారు. జ్వరం లేదు కదా, ఇంట్లో ఉన్న సిరప్పే పట్టండి, రానక్కర్లేదన్నారట.

మామ్మగారు వెంటనే ఫోను తన గుండెకి ఆనించుకున్నారు.

"నాదీ ఓసారి వినండి బాబూ. పొద్దున్నుంచీ ఒకటే దడ."

మళ్ళీ చెవిన పెట్టుకుని నవ్వేశారు.

"ఏమన్నారండీ?" అన్నాను.

"ముందు ఇంటికెళ్ళి అన్నం తినమన్నారమ్మా. తినలేదని ఆయనకెలా తెలిసిందో."

ఫోను కొంగుతో తుడిచి ఇచ్చారు. ఇప్పటికీ ఫోనులో ఎవరి గొంతైనా నీరసంగా వినిపిస్తే, ముందు అన్నం తిన్నారా అనే అడుగుతాను.