దేవుడి పుస్తకానికి చివరి పేజీ

లాక్‌డౌన్‌లో మా సిటీవెస్ట్ అపార్ట్‌మెంట్ల వరసలో ప్రింటర్ ఉన్నది నా దగ్గరేనని ఎలా పొక్కిందో ఏమో, ఒకరోజు ఎదురు ఫ్లాట్ ఆంటీ మాస్కు పెట్టుకుని, గుమ్మానికి దూరంగా నిలబడి, ఒక పుస్తకం ప్రింట్ చేసిపెడతావా అని అడిగారు. ఆంటీది మలేషియాలోని పెనాంగ్. చైనా కుటుంబం. మాలాగే ఐర్లండ్ వచ్చినవారే, కాకపోతే చాలా ఏళ్ళయింది. పుస్తకం ఎవరు రాశారని మాటవరసకు అడిగాను. దేవుడు అన్నారు, పక్కింటాయన పేరు చెప్పినంత మామూలుగా.

వాళ్ళ ఊళ్ళో చైనావాళ్ళ తావో మతం గుడి ఒకటి, చిన్నది ఉందట. అక్కడ ఇసుక పరిచిన పళ్ళెం ముందు ఆంటీ వాళ్ళన్నయ్య పంగల కర్ర పట్టుకుని కళ్ళు మూసుకుంటే, దేవుడు ఆయన చేతిలోకి వచ్చి ఒక్కో అక్షరం రాస్తాడు. పక్కనున్నవాళ్ళు పైకి చదివి కాగితం మీదికి ఎక్కిస్తారు. అలా పోగైన మాటలను భక్తులు అచ్చు వేయించి ఊరికే పంచిపెడతారు. పంచినవాళ్ళకు పుణ్యం. ఏటా దేవుడి పుట్టినరోజుకు ముందే ఆంటీకి పార్సిల్ వచ్చేది. ఈసారి పార్సిళ్ళు ఆగిపోయాయి, ఇక్కడి ప్రింటు షాపులు మూతపడ్డాయి. గుడివాళ్ళు ఫోన్‌లో పేజీలు పంపితే ఇక్కడే అచ్చు వేసి, తెలిసిన కుటుంబాలకు పోస్టు చేయాలని ఆంటీ పట్టుదల.

నాకు భలే సరదా వేసింది. వ్రతకథల పుస్తకాలు చదువుతూ పెరిగినదాన్ని. సూతుడు మునులకు చెప్పాడంటే నమ్మినదాన్ని, ఇసుకలో దేవుడు రాశాడంటే నమ్మలేనా? మా ఆయన లీక్స్‌లిప్‌లోని ఫ్యాక్టరీకి షిఫ్టుకు బయలుదేరుతూ, "ఏందే, దేవుడి బుక్‌కు కూడా టెస్టింగ్ చేస్తున్నవా?" అని ఏడిపించాడు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని, తప్పులు పట్టడమే నా ఉద్యోగం. అలాంటి నేను మొదటి కట్టంతా మన పుస్తకాల్లాగే ఎడమవైపు పిన్నులు కొట్టేశాను. అది కుడివైపు నుంచి చదివే పుస్తకం. ఆంటీ తిరగేసి చూసి పడీపడీ నవ్వారు. ఇలా చదివితే ముందు పుణ్యం వచ్చేసి, తర్వాత పాపం చేయాల్సి వస్తుందన్నారు. పోనీ పారేసి మళ్ళీ తీద్దామంటే మాత్రం నవ్వు ఆపేశారు. దేవుడి అక్షరాలున్న కాగితం చెత్తలోకి పోకూడదట. ఇద్దరం చెరో గుమ్మంలో కూర్చుని పిన్నులు పీకాం.

అంతా సాఫీగా సాగుతుండగా పుస్తకం చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయింది. అన్నయ్యకు కరోనా వచ్చింది, ఆసుపత్రిలో చేర్చారు. ఆంటీ కాలు కాలిన పిల్లిలా కారిడార్‌లో తిరిగేవారు. ఫోన్ మోగితే చాలు, ముఖం పాలిపోయేది. నేను రోజూ చారు కాచి వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చేదాన్ని. ఆయనకేమన్నా అయితే ఈవిడ తట్టుకోలేరని నాకు భయంగా ఉండేది. ఇంకోపక్క దేవుడి పుట్టినరోజు దగ్గరపడుతోంది. చిన్నప్పటి నుంచి ఈ పుస్తకాలే చదివిన మనిషి, ఆ ధోరణంతా ఆంటీకి కంఠతా వచ్చు. ఆ ఒక్క అధ్యాయం మీరే రాసేయండి, ఎవరికి తెలుస్తుంది అన్నాను.

"రాయగలను," అన్నారు ఆంటీ. "అందుకే రాయకూడదు."

చివరి అధ్యాయం లేకుండానే కట్టలు పక్కన పెట్టాను.

ఆయన బతికి బయటపడ్డారు. ఆ కబురు చెప్పడానికి వచ్చి ఆంటీ దూరం గీరం అన్నీ మరచిపోయి నన్ను వాటేసుకున్నారు. నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు. లేచి కూర్చునే ఓపిక రాగానే ఆయన గుడికి బయలుదేరారట. వద్దని ఎవరూ అనలేదు. అందరికీ ఆ అధ్యాయం కావాలి, ఆంటీతో సహా.

ఆంటీ వంటింట్లో కిటికీలు బార్లా తెరిచి, ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి వీడియోలో చూశాం. ఎముకల గూడులా ఉన్న ఆయన కుర్చీలో కూర్చుని కర్ర పట్టుకున్నారు. చాలాసేపు అది కదల్లేదు. తర్వాత ఇసుకలో కొంచెం కదిలి ఆగిపోయింది. చదివే ఆయన ఒకసారి తనలో చదువుకుని, తర్వాత పైకి చదివాడు. ఆంటీ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నారు. దేవుడు ఏమన్నాడని కంగారుగా అడిగాను.

"పుస్తకం అయిపోయింది, నువ్వు ఇంటికి పోయి పడుకో అన్నాడు."

అది పుస్తకం కోసం చెప్పింది కాదేమో, మీ అన్నయ్యతో అన్న మాటేమో అన్నాను. దేవుడు రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా వదలకూడదని ఆంటీ ఖరాఖండీగా చెప్పారు. పేజీ మొత్తానికి ఆ ఒక్క మాటే పెట్టి ప్రింట్ తీశాను. ఇంతకీ ఇది దేవుడి మాటా, మీ అన్నయ్య మాటా అని అడగబోతున్నాను. ఆంటీ ఆ కాగితం అందుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

"మా అమ్మ పోయాక మా అన్నయ్యను పడుకోమన్నవాళ్ళే లేరు," అన్నారు.